ఏడో నెలలో కనిపించే బీపీ, మూడో నెలలోనే మొదలయ్యే జబ్బు

సంక్షిప్తంగా: గర్భిణులకు బీపీ పెరిగి, కిడ్నీ, కాలేయం లాంటివి దెబ్బతినే జబ్బు ప్రీఎక్లాంప్సియా. అది ఎక్కువగా ఏడో నెల తర్వాత బయటపడుతుంది. దాని మూలం మాత్రం మొదటి నాలుగు నెలల్లో, మాయ గర్భాశయం గోడలో వేరూనే దశలో ఉంది. ఆ పనిలో తల్లి రోగనిరోధక కణాలకు పెద్ద పాత్ర ఉందని గత 30 ఏళ్ల పరిశోధన చెబుతోంది. నివారణకు పనికొచ్చే చౌక మాత్ర ఆస్పిరిన్‌ను 16 వారాలలోపు మొదలుపెడితేనే గట్టి ఫలితం. అందుకే వరంగల్, ములుగు, ఆదిలాబాద్ లాంటి జిల్లాల్లో కాన్పు ఎక్కడ జరిగింది అన్న ప్రశ్నతో పాటు, మొదటి బీపీ ఎన్నో వారంలో చూశారన్న ప్రశ్న కూడా అడగాలి.

పేరు పాతదే, లెక్క మారింది

నిండు గర్భిణికి ఫిట్స్ వస్తే పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్రపువాతం అంటారు. వైద్యుల మాటలో అది ఎక్లాంప్సియా. దానికి ముందు మెట్టు ప్రీఎక్లాంప్సియా. ప్రపంచవ్యాప్తంగా ప్రతి 100 గర్భాల్లో 2 నుంచి 8 దాకా దీని బారిన పడతాయి. అంతకుముందు మామూలుగా ఉన్న బీపీ 20 వారాలు దాటాక 140/90కి చేరి, నాలుగు గంటలాగి మళ్లీ చూసినా దిగకుండా, మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంటే జబ్బు ఉన్నట్టే. 160/110కి చేరితే తీవ్రమైనది.

పాత పుస్తకాల్లో బీపీ, ప్రొటీన్, ఒంటి వాపు అనే మూడూ కలిపి చెప్పేవారు. మామూలు గర్భిణులకూ కాళ్లు వాస్తాయి కాబట్టి వాపును ఆ లెక్కలోంచి తీసేశారు. 2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మరో మార్పు చేసింది. ప్రొటీన్ పోకపోయినా సరే, బీపీతో పాటు ప్లేట్‌లెట్లు లక్షకన్నా తగ్గినా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 దాటినా, కాలేయం ఎంజైములు రెట్టింపైనా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మందుకు లొంగని తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా ప్రీఎక్లాంప్సియాగానే చూడాలంది. ‘మూత్రం పరీక్ష మంచిగనే వచ్చింది గద, మరెందుకు అడ్మిట్ చేసిన్రు’ అని బంధువులు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. ఈ జబ్బు పట్టేది రక్తనాళాల లోపలి పొరకు. కిడ్నీ అది కనబడే చోట్లలో ఒకటి మాత్రమే.

సగం పరాయి బిడ్డను ఒళ్లు ఎట్లా భరిస్తుంది

బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి. తండ్రి కిడ్నీని తల్లికి అమరిస్తే, మందులు వాడకపోతే ఆమె ఒళ్లు దాన్ని తిప్పికొడుతుంది. మరి అదే తండ్రి జన్యువులున్న బిడ్డను తొమ్మిది నెలలు ఎట్లా మోస్తుంది? ఈ ప్రశ్నను 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్ సూటిగా లేవనెత్తారు. ఆయన మూడు సమాధానాలు ఊహించారు: తల్లీబిడ్డల మధ్య అడ్డుగోడ ఉండటం, బిడ్డ కణాల గుర్తులు ఇంకా పక్వానికి రాకపోవడం, తల్లి రోగనిరోధక వ్యవస్థ మందగించడం. ప్రత్యుత్పత్తి ఇమ్యునాలజీ అనే శాఖకు పునాది ఆ ప్రశ్నే. సమాధానాలు మాత్రం అంతగా నిలవలేదు. తల్లి కణాలకు నేరుగా ఎదురుపడేది బిడ్డ కాదు, మాయ. ఆ ఎదురుపాటు నిద్రాణంగా సాగేదీ కాదు.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆష్లీ మోఫెట్ దశాబ్దాలుగా పరిశోధిస్తున్నది ఈ ఎదురుపాటునే. గర్భం మొదటి మూడు నెలల్లో గర్భాశయం లోపలి పొరలోని తెల్ల కణాల్లో సుమారు 70 శాతం ఒకే రకానివి. వాటిని గర్భాశయ ఎన్‌కే కణాలంటారు. ఎన్‌కే అంటే సహజ హంతక కణాలు. పేరు భయపెడుతుంది గానీ ఇవి మాయ కణాలను చంపవు. మాయ కణాలు తల్లి రక్తనాళాల్లోకి ఎంత లోతుగా చొరబడాలో నియంత్రించే పనిలో ఇవి పాలుపంచుకుంటాయి.

చొరబడే మాయ కణాల మీద హెచ్‌ఎల్‌ఏ-సి, హెచ్‌ఎల్‌ఏ-జి, హెచ్‌ఎల్‌ఏ-ఇ అనే గుర్తులుంటాయి. అవయవ మార్పిడిలో గొడవ పెట్టే ఏ, బి గుర్తులు ఉండవు. వీటిలో మనిషికీ మనిషికీ బాగా తేడా ఉండేది సి ఒక్కటే. అది సి1, సి2 అని రెండు రకాలు. బిడ్డకు ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. తల్లి ఎన్‌కే కణాలు కిర్ అనే గ్రాహకాలతో ఈ గుర్తును తడిమి చూస్తాయి. ఆ గ్రాహకాల్లో కణాన్ని అణచేవి ఉన్నాయి, ఉసిగొల్పేవీ ఉన్నాయి. 2004లో మోఫెట్ బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం తల్లిది ఉసిగొల్పే గ్రాహకాలు దాదాపుగా లేని కిర్ ఏఏ రకమై, బిడ్డకు సి2 వస్తే ప్రీఎక్లాంప్సియా ముప్పు పెరుగుతుంది.

చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే. తల్లి ఒళ్లు బిడ్డను తిప్పికొట్టడం వల్ల ఈ జబ్బు వస్తుందన్నది జనంలో ఉన్న మాట. ఈ పరిశోధన చూపేది వేరు: సాయానికి లేవాల్సిన కణాలు అణిగిపోయి, మాయకు దక్కాల్సిన తోడ్పాటు దక్కడం లేదు. దీనికి రెండో వైపు కూడా అదే బృందం చూసింది. సి2ను గుర్తుపట్టి ఉసిగొల్పే గ్రాహకం తల్లికి ఉంటే బిడ్డ బరువు ఎక్కువ వైపు మొగ్గుతుంది. మరీ చిన్న బిడ్డ బతకడం కష్టం, మరీ పెద్ద బిడ్డ బయటికి రావడం కష్టం. ఈ రెండింటి మధ్య బేరమే గర్భాశయంలో సాగుతున్నది.

ఈ జన్యు పట్టికను ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోలేం. ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన అధ్యయనంలో (2015) కాపాడే కిర్ జన్యువు యూరప్‌లో తేలినది కాదు, దాని తోబుట్టువు లాంటి ఇంకొకటి. అక్కడి లెక్కతో ఇక్కడ కిర్ పరీక్ష చేయించి ముప్పు అంచనా కట్టడం సరికాదు. 2018లో తొలి నెలల మాయ, గర్భాశయ పొరల నుంచి సుమారు 70 వేల కణాలను ఒక్కొక్కటిగా చదివి తయారుచేసిన పటంలో గర్భాశయ ఎన్‌కే కణాలే మూడు తెగలుగా తేలాయి. పరిశోధన ఇంకా పటం గీసే దశలోనే ఉందన్నమాట.

తూము సన్నగా ఉండిపోతే

వరంగల్ వాళ్లకు చెరువు తూము గురించి చెప్పనక్కర్లేదు. సన్నటి తూములోంచి నీళ్లు దూకితే పొలం తడవడం కంటే మట్టి కోసుకుపోవడమే ఎక్కువ. కాలువ వెడల్పైతే నీరు నిదానంగా, నిండుగా పారుతుంది. గర్భాశయం గోడలోని మెలితిరిగిన ధమనుల సంగతి కూడా అదే. మాయ కణాలు వాటిలోకి దూరి, కండర పొరను కరిగించి, సన్నటి నాళాలను గరాటుల్లా వెడల్పు చేస్తాయి. మామూలుగా ఈ మార్పు గర్భాశయ కండరంలో లోపలి మూడో వంతు దాకా సాగుతుంది. ప్రీఎక్లాంప్సియాలో అది పైపొర దగ్గరే ఆగిపోతుందని 1960, 70లలో బెల్జియం వైద్యుడు ఇవో బ్రోసెన్స్, ఆయన సహచరులు సూక్ష్మదర్శిని కింద చూపించారు. రక్తం మాయలోకి జోరుగా, అదుపు లేకుండా దూకుతుంది. మాయ కొమ్మలు దెబ్బతింటాయి. ఆక్సిజన్ ఒకసారి అంది, ఒకసారి అందక మాయ ఒత్తిడికి లోనవుతుంది.

ఈ పని చాలామటుకు 20 వారాలలోపే ముగుస్తుంది. అప్పటికి తల్లికి నొప్పి లేదు, వాపు లేదు, బీపీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ రెడ్‌మన్ దీన్ని రెండు అంచెల జబ్బుగా వివరించారు: మొదటి అంచె మాయలో, రెండో అంచె తల్లి ఒంట్లో. మూలం మాయే అనడానికి మంచి సాక్ష్యం ముత్యాల గర్భం, అంటే మాయ నీటిబుడగల గుత్తిలా అసహజంగా పెరిగే గర్భం. అందులో బిడ్డే ఉండకపోవచ్చు, అయినా ప్రీఎక్లాంప్సియా వస్తుంది. మాయ బయటపడితే తప్ప జబ్బు దిగడం మొదలవదు.

మాయలో చెడింది కిడ్నీకి ఎట్లా చేరుతుంది

రెండు అంచెల మధ్య వంతెన చాలాకాలం దొరకలేదు. 2003లో బోస్టన్‌లో పనిచేస్తున్న, భారతీయ మూలాలున్న కిడ్నీ వైద్యుడు అనంత్ కరుమంచి బృందం ఒక జవాబు ఇచ్చింది. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్లు ఆ కణాల మీది గ్రాహకాలకు అతుక్కోవాలి. ఒత్తిడిలో ఉన్న మాయ అదే గ్రాహకాన్ని, కణానికి అతుక్కోని పొట్టి రూపంలో, పెద్దఎత్తున రక్తంలోకి వదులుతుంది. దాని పేరు ఎస్-ఫ్లిట్-1. అది తేలుతూ తిరిగి ఆ ప్రొటీన్లను దారిలోనే పట్టేసుకుంటుంది. చేరాల్సిన చోటికి చేరేవి తగ్గిపోయి నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. కిడ్నీ జల్లెడ చెడి ప్రొటీన్ కారుతుంది. గర్భంతో ఉన్న ఎలుకలకు ఈ పొట్టి రూపాన్ని ఎక్కువగా అందిస్తే బీపీ, ప్రొటీన్, కిడ్నీలో ప్రీఎక్లాంప్సియాకు గుర్తుగా చెప్పే వాపు మూడూ వచ్చాయి.

వేరే దిక్కు నుంచి రెండు విషయాలు దీన్ని బలపరుస్తాయి. క్యాన్సర్‌లో వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ వాడినవాళ్లలో, మగవాళ్లలో సైతం, బీపీ, మూత్రంలో ప్రొటీన్ వస్తాయి. ఈ గ్రాహకాన్ని తయారుచేసే ఫ్లిట్-1 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ క్రోమోజోమ్ మూడు ప్రతులున్న గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువ.

దీని నుంచే రక్తపరీక్ష పుట్టింది. 2016లో వెలువడిన ప్రోగ్నోసిస్ అధ్యయనంలో, జబ్బు అనుమానం ఉన్న గర్భిణికి ఎస్-ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి 38 లేదా అంతకన్నా తక్కువ ఉంటే వచ్చే వారంలో ప్రీఎక్లాంప్సియా రాదని 99 శాతానికి పైగా నిశ్చయంగా చెప్పగలిగారు. ఈ పరీక్ష ‘ఇప్పట్లో రాదు’ అని చెప్పడంలో గట్టిది, ‘తప్పక వస్తుంది’ అని చెప్పడంలో అంత గట్టిది కాదు. ఇది లేకపోయినా చికిత్స ఆగదు. బీపీ, మూత్రం, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయం పరీక్షలతో ఏరియా ఆస్పత్రిలోనే నిర్ణయం తీసుకోవచ్చు.

తొలిచూలుకే ఎందుకు ఎక్కువ

తొలి గర్భంలో ముప్పు ఎక్కువ, రెండోసారికి తగ్గుతుంది. తండ్రి గుర్తులకు తల్లి వ్యవస్థ అలవాటు పడటమే కారణమని, భర్త మారితే ముప్పు మళ్లీ మొదటికొస్తుందని ఒక వాదన ఉంది. 2002లో నార్వే లెక్కలు దాన్ని కొంత సవరించాయి. రెండు కాన్పుల మధ్య ఎడం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని, ఎడాన్ని లెక్కలోకి తీసుకుంటే భర్త మారిన ప్రభావం కనబడదని తేలింది. దాత అండంతో వచ్చిన గర్భంలో మాత్రం ముప్పు స్పష్టంగా ఎక్కువ. అక్కడ బిడ్డ జన్యువులు తల్లికి సగం కాదు, పూర్తిగా పరాయివి. హనుమకొండ, కరీంనగర్‌లలోనూ సంతాన సాఫల్య కేంద్రాలు వచ్చాయి కాబట్టి, దాత అండంతో గర్భం దాల్చినట్టు కాన్పు చేసే డాక్టరుకు తప్పక చెప్పాలి. చాలా కుటుంబాలు దాచేది ఆ మాటే.

ఇమ్యునాలజీ పేరుతో సాగే అంగడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చేతి నరం నుంచి తీసిన రక్తంలో ఎన్‌కే కణాలు లెక్కపెట్టి, ‘ఇమ్యూనిటీ ఎక్కువైంది’ అని ఇంట్రాలిపిడ్ సెలైన్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించడం కొన్నిచోట్ల జరుగుతున్నది. రక్తంలోని ఎన్‌కే కణాలు, గర్భాశయంలోవి ఒకటి కావు. వీటి సంఖ్య వాటి పనితీరును చెప్పదు. మళ్లీమళ్లీ గర్భస్రావం అయ్యేవాళ్లకు భర్త తెల్ల కణాలను ఎక్కించే చికిత్స వల్ల లాభం లేదని 1999లోనే అధ్యయనం తేల్చింది, 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని పరిశోధనకే పరిమితం చేసింది. రుజువున్న మినహాయింపు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. అది రక్తం అతిగా గడ్డకట్టే జబ్బు, రక్తపరీక్షతో తేలుతుంది. ఆస్పిరిన్, హెపారిన్ దానికి చికిత్స.

16 వారాల గడువు

2017లో వచ్చిన యాస్ప్రీ అనే ఔషధ పరీక్షలో ముప్పు ఎక్కువున్న 1,776 మంది గర్భిణులను చూశారు. 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చిన గుంపులో, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 1.6 శాతం. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపులో 4.3 శాతం. నెలలు నిండాక వచ్చే రకం మాత్రం తగ్గలేదు. ధమనులు వెడల్పయ్యే పని సాగుతుండగానే మాత్ర చేరాలి. ఏడో నెలలో బీపీ కనబడ్డాక మొదలుపెట్టే ఆస్పిరిన్ చికిత్స కాదు.

ఎవరికి? మునుపటి గర్భంలో ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు, ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ ఉన్నవాళ్లకు, కవలలను మోసేవాళ్లకు. తొలిచూలు, అధిక బరువు, 35 దాటిన వయసు, అమ్మకో అక్కాచెల్లెళ్లకో ఇదే జబ్బు వచ్చిన చరిత్ర, కాన్పుల మధ్య పదేళ్లు మించిన ఎడం లాంటివి రెండు కలిసినా డాక్టర్లు ఆలోచిస్తారు. 75 మిల్లీగ్రాముల మాత్రలైతే రెండు. సొంతంగా కొనుక్కుని వేసుకునేది కాదు. ఆస్పిరిన్ పడనివాళ్లకు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు పనికిరాదు.

రెండోది కాల్షియం. గర్భిణికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో పెట్టే భోజనంలోని 200 మిల్లీలీటర్ల పాలు సుమారు 240 మిల్లీగ్రాములు ఇస్తాయి. మిగతాది పూడ్చడానికే 14 వారాల నుంచి 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రెండు మాత్రలు పడక మొత్తానికే మానేసేవాళ్లకు 2024లో వెలువడిన భారత్, టాంజానియా పరీక్షల ఫలితం పనికొస్తుంది: ప్రీఎక్లాంప్సియాను ఆపడంలో రోజుకు 500 మిల్లీగ్రాములు 1,500కు తీసిపోలేదు.

జారిపోయేది ఎక్కడ

2018–20 లెక్కల్లో తెలంగాణలో ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43, దేశ సగటు 97. ఆస్పత్రి కాన్పులు పెరగడం దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. కాన్పయ్యాక రక్తస్రావానికి ఆస్పత్రే జవాబు. ప్రీఎక్లాంప్సియాకు అది సగం జవాబే. మిగతా సగం ఆరు నెలల ముందు ఊళ్లో జరగాలి.

మొదటి చిక్కు తొలి బీపీ ఆలస్యం కావడం. గర్భంలో బీపీ సహజంగా కొంత దిగి, అయిదో నెల ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువకు చేరుతుంది. ముందు నుంచీ బీపీ ఉన్న మనిషిని మొదటిసారి అప్పుడు చూస్తే మామూలుగా కనిపిస్తుంది. ఎనిమిదో నెలలో పెరిగితే పాతదో కొత్తదో తేల్చలేరు. 12 వారాలలోపు నమోదు కావాలనడానికి ఇదొక కారణం.

రెండోది కొలత. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలించి, చేయి గుండె ఎత్తున పెట్టి చూడాలి. బక్క చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్న పట్టీ ఎక్కువ చూపిస్తుంది. మామూలు డిజిటల్ యంత్రాల్లో కొన్ని ప్రీఎక్లాంప్సియాలో అసలు కన్నా తక్కువ చూపిస్తాయి. అనుమానం ఉంటే స్టెతస్కోపుతో మళ్లీ చూడాల్సిందే. కార్డులో నెలనెలా 120/80 అనే ఉంటే అది ఆరోగ్యానికి గుర్తు కాదు, కొలవలేదనడానికి గుర్తు కావచ్చు.

మూత్రం పరీక్షకు పట్టీలు అయిపోతే సబ్‌సెంటర్‌లో పాత పద్ధతి చాలు. పరీక్ష నాళికలో మూడింట రెండొంతులు మూత్రం పోసి పైభాగాన్ని మాత్రమే దీపం మీద కాచాలి. తెల్లగా మసకబారితే రెండు మూడు చుక్కల పలుచటి ఎసిటిక్ ఆమ్లం వేయాలి. మసక పోతే ఫాస్ఫేట్, నిలిస్తే ప్రొటీన్. మొదటి ధార వదిలి మధ్య ధార పట్టకపోతే తెల్లబట్ట కలిసి ఫలితం తప్పుతుంది.

మూడో చిక్కు మన ఆచారంలోనే ఉంది. తొలి కాన్పుకు ఏడో నెల తర్వాత అమ్మాయి తల్లిగారింటికి వస్తుంది. ముప్పు ఎక్కువైన తొలిచూలు, జబ్బు బయటపడే నెలలు, చూసే ఏఎన్‌ఎం మారిపోవడం, మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. అత్తగారి ఊరి ఆశ కార్యకర్త దగ్గర పేరు ఉంటుంది, ఇక్కడ ఉండదు. కార్డు వెంట తెచ్చుకోవడం, వచ్చిన వారంలోనే ఇక్కడి ఉపకేంద్రంలో చూపించుకోవడం తప్పనిసరి. ప్రతి నెల 9న జరిగే సురక్షిత మాతృత్వ శిబిరంలో ఊరు ఏదైనా చూస్తారు.

నాలుగోది లక్షణాన్ని తప్పుగా చదవడం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఆర్‌ఎంపీ దగ్గర మాత్ర వేసుకోవడం మామూలు. కాలేయం వాచి, ఎర్ర కణాలు పగిలి, ప్లేట్‌లెట్లు పడిపోయే హెల్ప్ అనే తీవ్ర దశ తరచూ అట్లాగే మొదలవుతుంది. కళ్ల ముందు మెరుపులు, పోటెత్తే తలనొప్పి, ఆయాసం, మూత్రం తగ్గడం కూడా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినవే.

108 ఎక్కించే ముందు

ఏటూరునాగారం నుంచి హనుమకొండ సుమారు 100 కిలోమీటర్లు. వానాకాలంలో వాగులు పొంగితే ఆ లెక్క గంటల్లోకి మారుతుంది. అందుకే ఫిట్స్ మందు బండి ఎక్కకముందే పడాలి. మెగ్నీషియం సల్ఫేట్ ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో 10 వేల మందికి పైగా గర్భిణులతో జరిగిన మ్యాగ్‌పై పరీక్ష తేల్చింది. పీహెచ్‌సీ స్థాయిలో ఇచ్చే తొలి మోతాదు 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 చొప్పున లోతైన కండరంలోకి. 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లకు 1 గ్రాము కాబట్టి మొత్తం పది ఆంప్యూళ్లు. 25 శాతం ఆంప్యూళ్లూ ఉంటాయి. లేబుల్ చూడకపోతే మోతాదు సగానికి పడిపోతుంది. సిబ్బంది ఎక్కువగా చేసే తప్పు భయపడి సగమే ఇవ్వడం.

పెద్దాస్పత్రిలో నాలుగు గంటలకోసారి తర్వాతి మోతాదు ఇచ్చేముందు మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతున్నదా, ఊపిరి నిమిషానికి 16కు తగ్గలేదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు వస్తున్నదా చూస్తారు. మందు ఎక్కువైతే ముందు పోయేది మోకాలి స్పందన, ఆ తర్వాతే ఊపిరి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము పక్కనే ఉండాలి. మెగ్నీషియం ఉన్నది ఫిట్స్‌కు, బీపీకి కాదు. బీపీ దించడానికి నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా మాత్రలు మూడూ పనికొస్తాయని 2019లో నాగ్‌పూర్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనం చూపింది. ఆరు గంటల్లో బీపీ అదుపులోకి తేవడంలో నిఫెడిపిన్ కాస్త ముందుంది. సెలైన్ పంపు లేని చోట ఇది పెద్ద వెసులుబాటు.

ఇంట్లో ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, చేతిలో తాళాల గుత్తి పెట్టకూడదు. మొదటి దానివల్ల పళ్లు విరుగుతాయి, రెండోదానివల్ల సమయం పోతుంది.

కాన్పయ్యాక

మాయ పడగానే జబ్బు ఆగిపోదు. కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ మళ్లీ పైకి లేస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లీబిడ్డలు ఇంటికి వెళ్తారు. బాలింతకు తలనొప్పి వస్తే చల్లగాలి తగిలిందని తలకు గుడ్డ కట్టి పడుకోబెడతారు. బీపీ చూడరు. కొన్ని ఎక్లాంప్సియా కేసులు కాన్పయ్యాకే వస్తాయి. రక్తస్రావం ఆపడానికి వాడే మెథర్జిన్ ఇంజెక్షన్ బీపీని ఎగదోస్తుంది కాబట్టి వీళ్లకు ఇవ్వకూడదు, ఆక్సిటోసిన్ వాడాలి.

ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చిన ఆడవాళ్లకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోవాలి. డిశ్చార్జి కాగితం మీద ‘ప్రీఎక్లాంప్సియా’ అన్న మాట, ఎన్ని వారాలకు వచ్చిందో, గరిష్ఠంగా బీపీ ఎంత ఉందో రాయించుకోవాలి. తర్వాతి గర్భంలో 12 వారాలకు ఆ కాగితం చూపిస్తే చాలు, ఆస్పిరిన్ ఎవరికివ్వాలన్న ప్రశ్నకు ఇంకో ముప్పు లెక్క అక్కర్లేదు.